పెట్టె మూత తీయకుండా ఉండటమే కష్టం

తేనెటీగల పెంపకం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే దుఃఖం: ఈగలు వెళ్లిపోయాయి. అందుకే మొదటి జవాబు పొడవైంది. మిగతావారు కాస్త ఓపిక పట్టండి. కొత్తగా చదివేవారికి ఒక మాట. నేను శాస్త్రవేత్తను కాను, కుట్టుపని చేసి బతికినదాన్ని. ఇరవై రెండేళ్లుగా ఇంటి వెనక జాగాలో తేనెటీగలు పెంచుతున్నాను. మొదట ఆసియా జాతి, కొన్నేళ్ల తర్వాత ఐరోపా జాతి. నా కళ్లతో చూసినదీ, చదివి నమ్మకం కుదిరినదీ మాత్రమే ఇక్కడ రాస్తాను.

ప్రశ్న: మూడు నెలల కిందట ఆసియా తేనెటీగల పెట్టె ఒకటి తెచ్చుకున్నాను. రోజూ ఎంతో శ్రద్ధగా చూసుకున్నాను. మొన్న ఉదయం మూత తీస్తే ఒక్క ఈగ కూడా లేదు. చచ్చినవీ కనిపించలేదు. నేను చేసిన తప్పేమిటి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘రోజూ’ అన్న మాట చదవగానే నా మొదటి పెట్టె గుర్తొచ్చింది. నేను చేసిందీ అదే. ఉదయం మిషను ముందు కూర్చునే ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మూత తీసి చట్రాలు పైకెత్తి చూసేదాన్ని. రాణి కనిపించకపోతే కనిపించేదాకా వెతికేదాన్ని. నలభై రోజులు గడిచాయో లేదో, ఒకనాడు పదకొండు గంటల వేళ మిషను చప్పుడును మించిన హోరు వినిపించింది. బయటికి పరుగెత్తేసరికి ఈగలన్నీ పెట్టె ముందు గాలిలో సుడులు తిరుగుతున్నాయి. చూస్తుండగానే ఆ హోరు గోడ దాటింది, ఇళ్ల కప్పులు దాటింది, ఇక వినపడలేదు. లోపల నాలుగు మైనపు పట్లు మిగిలాయి. తేనె చుక్క లేదు, గుడ్డు లేదు, పుప్పొడి లేదు. చేతిలోకి తీసుకుంటే ఎండుటాకులంత తేలిక. ఆ రోజు మరి కుట్టలేకపోయాను.

గూడు నడుమ, పిల్లలు పెరిగే చోట, ఈగలు 34–35 డిగ్రీల వేడిని నిలబెడతాయి. చల్లబడితే రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను వణికించి వేడి పుట్టిస్తాయి. అందుకు ఖర్చయ్యేది తేనే. మనం మూత తీసినప్పుడల్లా ఆ వేడి పోతుంది, గూటి వాసన చెదిరిపోతుంది, అవి మళ్లీ మొదటినుంచి సర్దుకోవాలి. ఐరోపా జాతి కొంతవరకు ఓర్చుకుంటుంది. ఆసియా జాతికి ఆ ఓర్పు తక్కువ. చోటు నచ్చకపోతే గూడు మొత్తం వదిలి వెళ్లిపోవడం దాని స్వభావం.

అయితే తప్పంతా మూత మీద వేయకండి. ఎందుకు వెళ్లాయో ఖాళీ పట్టే చెబుతుంది. దాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. గదుల మీదుగా సాలెగూడులాంటి దారాలు, నల్లటి రవ్వలాంటి రెట్టలు ఉంటే మైనపు పురుగు పట్టింది. పెట్టె కాళ్ల వెంట చీమల బారు ఉంటే అదే కారణం కావచ్చు. ఆ కాళ్లను నీళ్లు పోసిన గిన్నెల్లో నిలబెట్టి, ఆ నీళ్లు ఎండకుండా చూసుకోవాలి. మూసిన గదుల్లో పిల్లలు అలాగే మిగిలి ఉంటే ఏదో ముప్పు హఠాత్తుగా వచ్చిందన్నమాట. పట్టు పూర్తిగా ఖాళీగా, శుభ్రంగా ఉంటే మాత్రం అవి రోజుల ముందే నిర్ణయించుకున్నాయి. రాణి గుడ్లు తగ్గిస్తుంది, ఉన్న పిల్లలు పెద్దవవుతాయి, నిల్వ తేనె కడుపుల్లోకి వెళ్తుంది, ఆ తర్వాతే ప్రయాణం. మీరు చెప్పినదాన్ని బట్టి మీ పెట్టెలో జరిగింది ఇదే అనిపిస్తోంది. పూత లేని కాలంలో ఆకలి, మిట్టమధ్యాహ్నపు ఎండ, దానికి తోడు రోజూ మన చేతులు.

మరి తెరవకుండా ఎలా తెలుసుకోవాలి? పొద్దున పావుగంట పెట్టె పక్కన కూర్చోండి, ద్వారానికి ఎదురుగా కాదు. వచ్చే ఈగల వెనక కాళ్లకు రంగు రంగుల పుప్పొడి ముద్దలు ఉన్నాయా? ఉంటే లోపల పిల్లలు పెరుగుతున్నట్టే, రాణి పని చేస్తున్నట్టే. పెట్టెను వెనక వైపు ఒక చేత్తో రెండు వేళ్ల మందం పైకెత్తి చూడండి. వారం వారం ఇలా చేస్తే బరువు మీ చేతికే తెలుస్తుంది. పక్కనుంచి ఒకసారి వేలితో తట్టి చెవి ఆనించండి. ‘జుమ్’ మని లేచి వెంటనే అణగిపోతే అంతా బాగున్నట్టు. మూలుగులా సాగుతూ ఉంటే రాణికి ఏమైనా అయిందేమోనని అనుమానించాలి. అప్పుడు తెరవండి. పూత కాలంలో నేను పది రోజులకు ఒకసారి తెరుస్తాను, పది నిమిషాల్లో మూసేస్తాను. పూత లేనప్పుడు కారణం లేకుండా ముట్టుకోను.

జెనీవాలో 1750లో పుట్టిన ఫ్రాంస్వా హ్యూబర్ గురించి చెప్పకుండా ఉండలేను. పడుచుతనంలోనే చూపు కోల్పోయాడు. ఫ్రాంస్వా బ్యూర్నెన్స్ అనే సహాయకుడు ఆయన తరఫున చూసేవాడు. పుస్తకం పేజీల్లా విప్పగలిగే గూడు చేయించుకొని, రాణి జతకట్టేది గూటిలో కాదు, బయట గాలిలో అని తేల్చాడు. చూపున్నవాళ్లు అప్పటికి ఎన్ని గూళ్లు తెరిచి చూసినా తేలని సంగతి అది. ఆయన ముందు ప్రశ్న అడిగేవాడు, తర్వాతే గూడు తెరిపించేవాడు. నేను ఇప్పుడు మూత మీద చెయ్యి వేసే ముందు ఏం చూడటానికి తీస్తున్నానో పైకి చెప్పుకుంటాను. చెప్పలేకపోతే వెనక్కి వచ్చేస్తాను.

ఆ ఖాళీ పట్లు పారేయకండి. రెండు రోజులు ఫ్రీజరులో ఉంచితే మైనపు పురుగు గుడ్లతో సహా చస్తుంది. తర్వాత గాలి చొరబడని డబ్బాలో దాచండి. పాత మైనం వాసన ఉన్న పెట్టెలోకి కొత్త గుంపు ఇష్టంగా దిగుతుంది.

ప్రశ్న: మధ్యాహ్నం పూట వందల ఈగలు పెట్టె ముందు ఎగురుతున్నాయి. ఇవీ వెళ్లిపోతున్నాయా?

జవాబు: అవి పెట్టెకేసి ముఖం పెట్టి, పైకీ కిందికీ ఊగుతూ, కాసేపటికి సద్దుమణిగితే భయం లేదు. అవి మొదటిసారి బయటికి వచ్చిన పిల్ల ఈగలు, తమ ఇల్లు గుర్తుపట్టడం నేర్చుకుంటున్నాయి. గుంపు చీలే ముందు మాత్రం పట్టు అడుగు అంచున వేరుశనగ కాయ ఆకారంలో రాణి గదులు వేలాడతాయి. అవి కనిపిస్తే రెండో పెట్టె సిద్ధం చేసుకోండి. పాత రాణి సగానికి పైగా ఈగలను వెంటబెట్టుకొని బయలుదేరుతుంది.

ప్రశ్న: పక్కింటివారు ఆరేసిన తెల్ల బట్టల మీద పసుపు చుక్కలు పడుతున్నాయట. వాళ్ల కొళాయి దగ్గరా ఈగలు మూగుతున్నాయి. రోజూ గొడవ. ఏం చేయను?

జవాబు: తమ్ముడూ, పొరుగువారి మాట నిజమే. వాదించకండి. ఆ చుక్కలు ఈగల రెట్టలు. ఈగ గూటిని పాడుచేయదు. ముసురు పట్టి రెండు మూడు రోజులు బయటికి రాలేకపోతే అలాగే బిగబట్టుకుంటుంది. ఎండ రాగానే ఒక్కసారిగా బయటికి వచ్చి ఎగురుతూనే వదిలేస్తుంది. దీన్ని ఆపే ఉపాయం లేదు. ముసురు విడిచిన మొదటి ఉదయం బట్టలు లోపల ఆరేసుకోమని చెప్పడం ఒక్కటే మార్గం. ఇప్పటికే పడిన మరకను తడి మీద రుద్దకూడదు, రుద్దితే నేతలోకి దిగుతుంది. పూర్తిగా ఎండనిచ్చి, గోటితో రాల్చి, ఆపైన చన్నీళ్ల సబ్బులో నానబెట్టాలి. ఇతరుల బట్టలు నా చేతి మీదుగా చాలా వెళ్లాయి, ఈ ఒక్క విషయంలో నన్ను నమ్మండి.

నీళ్ల సంగతి మీ చేతిలోనే ఉంది, కానీ ఆలస్యమైంది. ఈగలకు నీళ్లు గూడు చల్లబరచడానికీ, చిక్కబడిన తేనె పలచన చేసుకోవడానికీ కావాలి. ఒకచోట అలవాటు పడితే మిగతావాటినీ అక్కడికే తీసుకొస్తాయి. ఆ చోటు ఎండిపోతే తప్ప మానవు. పొరుగువారిని బతిమాలి ఆ కొళాయి కారకుండా బాగు చేయించండి, ఖర్చు మీరే పెట్టుకోండి. అదే రోజు మీ పెట్టెకు పది అడుగుల దూరంలో వెడల్పాటి మట్టి పళ్లెం పెట్టి, గులకరాళ్లు పరిచి, రాళ్ల తలలు బయటికి కనబడేంత నీళ్లు పోయండి. రాళ్లు లేకపోతే మునిగి చస్తాయి. రోజూ కడిగి మెరిపించకండి. పాచి వాసన ఉన్న నీళ్లే వాటికి సులువుగా దొరుకుతాయి. పళ్లెం ఒక్క పూట ఎండినా అవి మళ్లీ కొళాయికే వెళ్తాయి.

పెట్టె ద్వారం పొరుగువారి నడక దారి వైపు ఉందేమో చూడండి. ఎదురుగా ఆరడుగుల తడిక కట్టినా, దట్టమైన తీగ పాకించినా ఈగలు నిటారుగా పైకి లేచి మనుషుల తలల మీదుగా వెళ్లిపోతాయి. పెట్టె జరపాలనుకుంటే ఒక్కసారిగా పెరటి ఆ చివరికి మార్చకండి. బయటికి వెళ్లినవి పాత చోటికే వచ్చి తచ్చాడుతాయి. రోజుకు రెండు మూడు అడుగుల చొప్పున జరపండి. ఇళ్ల మధ్య పెంచడానికి మీ ఊళ్లో అనుమతి అవసరమేమో అదీ కనుక్కోండి. ఇక ఈ ఉత్తరం చదివే కొత్తవారికి: పొరుగువారితో మాట్లాడాల్సింది పెట్టె తెచ్చాక కాదు, తెచ్చే ముందు.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబును ఈగ కుట్టింది. చెయ్యి మోచేతి దాకా వాచింది. పెట్టె తీసేయమంటారా?

జవాబు: అమ్మా, ముందు డాక్టరుకు చూపించండి, నా జవాబు తర్వాత. కుట్టిన చోట వాపు ఎక్కువగా ఉండటం వేరు, ఒళ్లంతా ఎదురుతిరగడం వేరు. ఒంటినిండా దద్దుర్లు, పెదవులు, నాలుక వాయడం, ఊపిరి అందకపోవడం, వాంతులు, కళ్లు తిరగడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కడ అడ్రినలిన్ ఇంజెక్షన్ ప్రాణం నిలబెడుతుంది. ఇంటి చిట్కాలకు అది సమయం కాదు.

ఇంతకుముందు ఏమీ కాలేదు కదా అన్న ధీమా వద్దు. నా చెల్లెలు తొమ్మిదేళ్లు నాతో కలిసి పెట్టెలు చూసింది. ఎన్నిసార్లు కుట్టించుకుందో లెక్కలేదు. పదో ఏట ఒకే ఒక్క కాటుకు ఐదు నిమిషాల్లో మాట ముద్దయింది. ఆసుపత్రి దగ్గర్లో ఉండబట్టి దక్కింది. ఇప్పుడు వచ్చినప్పుడల్లా వంటింటి కిటికీ వెనక నిలబడి, ఏ పెట్టెలో పుప్పొడి ఎక్కువ వస్తోందో చెప్పమంటుంది. నేను బయట నిలబడి చెబుతాను. మీ డాక్టరు భయం లేదనేదాకా పెట్టె తెలిసినవాళ్ల దగ్గర ఉంచండి.

కుట్టినప్పుడు చేయాల్సింది: కొండి వెంటనే తీసేయాలి. అది విషపు తిత్తితో సహా చర్మంలోనే ఉండిపోయి, ఈగ పోయాక కూడా విషం నెడుతూనే ఉంటుంది. గోటితో గీకినా, వేళ్లతో లాగినా ఒకటే, ఆలస్యం చేయకూడదు. ఆ తర్వాత అక్కడినుంచి దూరంగా వెళ్లాలి, ఎందుకంటే కుట్టిన చోట మిగతా ఈగలను పిలిచే వాసన మిగులుతుంది. ఆ వాసన పండిన అరటిపండులా ఉంటుంది. కాబట్టి అరటిపండు తిని పెట్టె దగ్గరికి వెళ్లకండి. పొగ పెట్టేది ఆ వాసనను కప్పేయడానికే. చల్లటి తెల్లపొగ రెండు మూడు ఊదులు చాలు.

ముసుగు కుట్టుకునేవారు అడిగారు కనుక: ముఖం ముందు వల నల్లదై ఉండాలి, తెల్ల వల వెలుగుకు మెరిసి గుడ్లు కనిపించనివ్వదు. మిగతా బట్ట లేత రంగుది. వల ముక్కుకు తగిలితే ముక్కు మీదే కుడతాయి, అందుకని వెడల్పు అంచు టోపీకి కుట్టి, మెడ దగ్గర బట్టతో బరువు ఇవ్వండి. చీలమండల దగ్గర ఎలాస్టిక్ మరవకండి. ఈగ చీకటిలోకి, పైకి పాకుతుంది.

ప్రశ్న: మా పెట్టెలో తీసిన తేనె రెండు నెలలకే గడ్డకట్టింది. బంధువులు కల్తీ అంటున్నారు.

జవాబు: కల్తీ కాదు. గ్లూకోజు పాలు ఎక్కువున్న తేనె త్వరగా పేరుకుంటుంది. పొద్దుతిరుగుడు పూల తేనె వారాల్లోనే పేరుకుంటుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టకండి. నీళ్లలో చుక్క వేయడం, వత్తికి రాసి వెలిగించడం వంటి పరీక్షలు దేన్నీ తేల్చవు. మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది: మైనంతో మూత వేసిన గదుల నుంచే తీశారా? మూత వేయని తేనెలో నీటి శాతం ఎక్కువ, 20 శాతం దాటితే పులిసిపోతుంది. ఎంత మంచి తేనె అయినా ఏడాది నిండని బిడ్డ నాలుకకు రాయకూడదు. అందులో ఉండగల బొట్యులిజం బీజాలు పసిపేగుల్లో ప్రాణాంతకం కావచ్చు.

ప్రశ్న: ఐరోపా తేనెటీగల పెట్టె ముందు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు నేల మీద పాకుతున్నాయి. ఎందుకు?

జవాబు: వరోవా అనే నల్లి పట్టి ఉంటుంది. ఆవగింజకన్నా కాస్త చిన్నది, ఎర్రటి గోధుమ రంగు, పీతలా అడ్డంగా వెడల్పు. మూసిన గదిలో పెరిగే పిల్లను పీలుస్తూ, రెక్కలను వంకర చేసే వైరస్‌ను ఎక్కిస్తుంది. ఇది మొదట ఆసియా తేనెటీగను ఆశ్రయించి బతికేది. ఆ జాతి దాన్ని ఒంటినుంచి దులుపుకోవడం నేర్చుకుంది, ఐరోపా జాతికి ఆ నేర్పు తక్కువ. పిల్లలున్న పట్టు నుంచి అరకప్పు ఈగలను, అంటే సుమారు 300, వల మూత ఉన్న సీసాలోకి తీయండి. రాణి అందులో లేదని రెండుసార్లు చూసుకోండి. పొడి చేసిన పంచదార రెండు చెంచాలు వేసి, సీసాను నెమ్మదిగా దొర్లించి, రెండు నిమిషాలు ఆగి తెల్ల పళ్లెం మీద కుదపండి. పంచదారతో పాటు నల్లులు రాలతాయి. ఈగలను తిరిగి పెట్టెలో వదిలేయండి, వాటిని మిగతావి నాకి శుభ్రం చేస్తాయి. తొమ్మిది, అంతకు మించి నల్లులు రాలితే మందు వేయక తప్పదు. తేనె అరలు దించేశాకే వేయాలా అన్నది మందును బట్టి ఉంటుంది, చీటీ మీద రాసింది తు.చ. తప్పకుండా పాటించండి.

ప్రశ్న: తెల్లారి చూస్తే పెట్టె ముందు గుప్పిళ్లకొద్దీ చచ్చిన ఈగలు. నాలుకలు బయటికి చాచి ఉన్నాయి.

జవాబు: చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. నాలుక చాచి చచ్చాయంటే పురుగుమందే అయి ఉండవచ్చు. పూత మీద, పగటిపూట ఎవరో చల్లారు. ముందు బతికున్నవాటిని చూసుకుందాం. ద్వారం రెండు ఈగలు పట్టేంత ఇరుకు చేయండి, లేకపోతే వేరే గూళ్ల ఈగలు దోచుకుంటాయి. తాజా పుప్పొడి ఉన్న పట్టును తీసేయండి, విషం అందులో ఉండవచ్చు. సమపాళ్లలో పంచదార, నీళ్లు కలిపి సాయంత్రం పూట లోపల పెట్టండి. బెల్లం వద్దు, వాటికి అరగదు. ఎక్కడిదో తెలియని తేనె అసలే వద్దు, రోగాలు దాంట్లో వస్తాయి. రాణి బతికి ఉంటే ఆశ ఉంది. ఈ రోజు పెట్టిన గుడ్డు 21 రోజులకు ఈగవుతుంది, మరో మూడు వారాలు ఇంటిపని చేశాకే పూలకు వెళ్తుంది. అంటే ఆరు వారాలు మీరు వాటిని పోషించాలి.

తర్వాత ఆ మందు చల్లినవారి దగ్గరికి వెళ్లండి, కోపంతో కాదు. నేను రెండు పెట్టెలు పోగొట్టుకున్న ఏడు, గుప్పెడు ఈగలను కాగితంలో చుట్టి తీసుకెళ్లి మా వెనక తోట పెద్దాయన ముందు విప్పాను. ఆయన చాలాసేపు చూసి, ‘ఇవి నా చెట్లకేనా వచ్చేది?’ అని అడిగాడు. ఆయనకు నిజంగా తెలియదు. అప్పటినుంచి పూత మీద చల్లడం మానేశాడు, తప్పనిసరైతే పొద్దు గూకాకే. ముందురోజే కబురు చేస్తాడు. ఆ రాత్రి నేను ద్వారానికి వల బిగించి, గాలి ఆడేలా చూసి, పెట్టె మీద తడి గోనెపట్టా కప్పి, మర్నాడు తీస్తాను. ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్ మందులను ఆరుబయలు పంటల మీద నిషేధించింది. మీ ఇంట్లో పూల కుండీలకు చల్లే సీసా మీద ఈ పేర్లున్నాయేమో ఒకసారి చూడండి.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. తేనెటీగలు నాట్యం చేసి దారి చెబుతాయని పాఠంలో ఉంది. మా తాతగారికి పెట్టె ఉంది. ఆ నాట్యం చూడగలనా?

జవాబు: తప్పకుండా చూడగలవు బాబూ. దాని అర్థం విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆయన మొదలుపెట్టిందీ చూడటంతోనే. తాతగారు పది రోజులకోసారి పెట్టె తెరిచే రోజున పక్కనే ఉండు. నీ కోసం ప్రత్యేకంగా తెరవమని అడగకు. ద్వారానికి దగ్గరగా ఉండే పట్టును ఆయన పైకి తీసినప్పుడు, దాన్ని నిటారుగానే పట్టుకోమను. పొగ తక్కువ పెట్టమను, పొగ ఎక్కువైతే నాట్యం ఆగిపోతుంది. వందల ఈగల్లో ఒకటి పొట్ట గబగబా ఊపుతూ తిన్నగా ఓ అంగుళం నడుస్తుంది, కుడికి తిరిగి మొదటికి వస్తుంది, మళ్లీ ఊపుతూ నడిచి ఈసారి ఎడమకు తిరుగుతుంది. నాలుగైదు ఈగలు మీసాలు ఆనించి దాని వెంట తిరుగుతుంటాయి.

ఊపుతూ నడిచిన గీతను చూడు. నిటారుగా పైకి నడిస్తే పూలు సూర్యుడి దిక్కున ఉన్నాయి. నిలువు గీతకు కుడివైపు 40 డిగ్రీలు వాలితే, సూర్యుడికి కుడివైపు 40 డిగ్రీలు. ఎంతసేపు ఊపితే పూలు అంత దూరం. ఐరోపా జాతిలో ఒక సెకను ఊపితే సుమారు కిలోమీటరు. ఆసియా జాతి లెక్క వేరు, అంతే దూరానికి ఇంకాస్త ఎక్కువసేపు ఊపుతుంది.

నీ జామెట్రీ పెట్టెలోని కోణమానిని తీసుకెళ్లు. కోణం, ఊపిన సెకన్లు, గడియారంలో సమయం రాసుకో. సూర్యుడు కదులుతాడు కనుక ఆలస్యం చేయకుండా అప్పుడే ఆ దిక్కుకు నడువు. నేను మొదటిసారి నడిచినప్పుడు రెండు వీధుల అవతల ఓ పాడుబడిన ఇంటి గోడ అడ్డొచ్చింది, గోడ మీదుగా వంగిన చెట్టు నిండా పూత ఉంది. నీకు ఏ చెట్టు దొరికిందో, ఎన్ని అడుగులు తేడా వచ్చిందో నాకు రాయి. ఆ లెక్కను వచ్చే నెల ఇక్కడే వేస్తాను.